పాడి నేర్పిన ప్రజాసేవ

ఊరికి మంచి సర్పంచి ఎక్కడ దొరుకుతారు? పార్టీ కార్యాలయాల్లోనో, నాలుగు డబ్బులు వెనకేసుకున్న కాంట్రాక్టర్ల ఇళ్లలోనో వెతకడం మనకు అలవాటైపోయింది. తెల్లవారకముందే లేచి, కొట్టం శుభ్రం చేసి, పాలు పితికి, క్యానుతో పాల కేంద్రం ముందు వరుసలో నిలబడే మనిషి వైపు మన చూపు పోదు. ఊరిని నడపడానికి కావలసిన గుణాలు చాలావరకు ఆ మనిషికి ఏ శిక్షణా లేకుండానే పట్టుబడి ఉంటాయి. వాటిని పక్కనపెట్టి మనం గ్రామ పాలన బాగుపడలేదని వాపోతున్నాం.

పాడికి సెలవుండదు. ఇంట్లో పెళ్లయినా చావయినా గేదెకు రెండు పూటలా మేత వేయాలి, పాలు తీయాలి. పంట లెక్క ఆరు నెలలకోసారి తేలుతుంది, పాల లెక్క పూటపూటకూ తేలుతుంది. వెన్న శాతం, ఎస్‌ఎన్‌ఎఫ్ (వెన్న కాని ఘనపదార్థాలు) ఎంతో అందరి ముందూ చూసి ధర కడతారు. పదిరోజులకో పదిహేను రోజులకో బిల్లు చేతికొస్తుంది. కొలతలో తేడా వస్తే సంఘం కార్యదర్శిని ఆ సాయంత్రమే నిలదీయవచ్చు. పంచాయతీలో ఐదేళ్లకోసారి ఓటుతో అడిగే ప్రశ్నను పాల సంఘంలో పూటకోసారి అడుగుతారు. కులం ఏదైనా, ఎన్ని ఎకరాలున్నా, వరుస ఒక్కటే, పరీక్ష ఒక్కటే. జవాబుదారీతనాన్ని ఇంత దగ్గరగా చూపించే సంస్థ మన పల్లెల్లో మరొకటి లేదు.

ఈ మాటకు దేశంలోనే పెద్ద సాక్ష్యం త్రిభువన్‌దాస్ పటేల్ జీవితం. 1903లో గుజరాత్‌లోని ఆనంద్‌లో రైతు కుటుంబంలో పుట్టారాయన. స్వాతంత్ర్యోద్యమంలో జైలుకెళ్లారు. అప్పట్లో ఆనంద్ ఉన్న ఖేడా జిల్లా రైతుల పాలు దళారుల చేతుల మీదుగా పోల్సన్ అనే ప్రైవేటు డెయిరీకి చేరేవి. 1945లో బొంబాయి నగరానికి పాల పథకం మొదలయ్యాక ఖేడా పాల సేకరణ హక్కు ఆ కంపెనీకే దక్కింది. నగరంలో పాల ధర పెరిగినా, పితికిన రైతుకు ఒరిగింది తక్కువే. రైతులు సర్దార్ పటేల్ దగ్గరకు వెళ్తే, మీ పాలు మీరే అమ్ముకోండి, సహకార సంఘం పెట్టుకోండి, అవసరమైతే పాలు పోయడం మానండి అన్నది ఆయన సలహా. 1946 జనవరి 4న మొరార్జీ దేశాయ్ సమక్షంలో సమర్ఖా గ్రామంలో సభ జరిగింది. పదిహేను రోజులు రైతులు వ్యాపారులకు చుక్క పాలు పోయలేదు. ప్రభుత్వం దిగొచ్చింది. అదే ఏడాది డిసెంబరు 14న ఖేడా జిల్లా సహకార పాల ఉత్పత్తిదారుల సంఘం రిజిస్టరైంది. రెండు ఊళ్ల సంఘాలతో, రోజుకు సుమారు 250 లీటర్లతో మొదలైన ఆ సంఘమే తర్వాత అమూల్ పేరుతో ఇంటింటికీ చేరింది. దాని తొలి అధ్యక్షుడు త్రిభువన్‌దాస్.

ఇంతవరకు చాలామందికి తెలుసు. స్థానిక నాయకత్వం గురించి ఆలోచించేవాళ్లు నేర్చుకోవలసింది ఆ తర్వాతి కథలో ఉంది. 1949లో ప్రభుత్వ ఉద్యోగిగా ఆనంద్ వచ్చిన యువ ఇంజనీరు వర్గీస్ కురియన్, ఎప్పుడెప్పుడు వెళ్లిపోదామా అని చూస్తున్న రోజుల్లో, ఆయన్ను ఆపినవారు త్రిభువన్‌దాస్. ఆపి, పని ఆయన చేతుల్లో పెట్టారు. రైతుల నమ్మకం నిలబెట్టడం, రాజకీయ ఒత్తిళ్లను తన దగ్గరే అడ్డుకోవడం అధ్యక్షుడి వంతు. యంత్రాలు, నాణ్యత, మార్కెట్ నిపుణుడి వంతు. ఈ విభజనను ఇద్దరూ మనసారా పాటించారు. 1963లో మెగసెసే అవార్డును కురియన్, పాడి పరిశ్రమ నిపుణుడు దారా ఖురోడీలతో పాటు త్రిభువన్‌దాస్‌కూ కలిపి ఇచ్చారు. అయినా అమూల్ పేరెత్తితే మనకు కురియన్ ఒక్కరే గుర్తొస్తారు. తాను పక్కన నిలబడి మరొకరి ప్రతిభకు గొడుగు పట్టగలగడం నాయకుడికి ఉండవలసిన పెద్ద లక్షణం.

రెండో సంగతి, ఆయన కుర్చీ దిగిన తీరు. డెబ్బైల తొలినాళ్లలో తనంతట తాను అధ్యక్ష పదవి వదులుకున్నారు. ఊరూరా సంఘ సభ్యులు తలా ఒక రూపాయి వేసి, దాదాపు ఆరు లక్షలు ఆయనకు అందించారు. ఆ సొమ్మును ఆయన ఇంటికి తీసుకుపోలేదు. దానితో 1975లో ఆయన పేరిట ఏర్పడిన ఫౌండేషన్ ద్వారా ఖేడా పల్లెల్లో తల్లీబిడ్డల ఆరోగ్యం మీద పని మొదలైంది. పాల సంఘం ఉన్న ఊళ్లలో స్థానిక మహిళలనే ఆరోగ్య కార్యకర్తలుగా తీర్చిదిద్దారు. పాల కోసం కట్టుకున్న నమ్మకం గర్భిణుల సంరక్షణకూ పనికొచ్చింది. మామూలు ఆర్థిక సంస్థ ప్రజాసేవగా విస్తరించడం అంటే ఇదే. 2025లో ఆనంద్‌లో సహకార విశ్వవిద్యాలయానికి పార్లమెంటు ఆయన పేరు పెట్టింది. అయితే ఆయన్ను గౌరవించడం అంటే ఆయన పాటించిన పద్ధతిని పాటించడం.

మన దగ్గర ఆ పద్ధతి ఏమైంది? తెలుగు నేల మీదా సహకార డెయిరీలు ఘనంగానే లేచాయి. అవి రాజకీయ నిచ్చెనలూ అయ్యాయి. డెయిరీ అధ్యక్ష పదవి అసెంబ్లీ టికెట్టుకు తొలిమెట్టు అనుకునేవాళ్లు పెరిగారు. కొన్నిచోట్ల దశాబ్దాల పాటు కుర్చీ చేయి మారలేదు, కొన్ని సంఘాలు కంపెనీలయ్యాయి. చిత్తూరు సహకార డెయిరీ 2002లో మూతపడినప్పుడు దాని మీద ఆధారపడిన రైతులు ప్రైవేటు ధరలకు తలొగ్గక తప్పలేదు. పాల రైతు నాయకుడైనంత మాత్రాన మంచి జరుగుతుందని చెప్పలేమని ఈ అనుభవం హెచ్చరిస్తోంది. నిజమే. అందుకే మనిషి ఎవరని అడిగి ఊరుకోకూడదు. లెక్కలు సభ్యుల ముందు పెడుతున్నారా, నిపుణులను పనిచేయనిస్తున్నారా, సమయానికి దిగిపోతున్నారా అని అడగాలి. త్రిభువన్‌దాస్ ఈ మూడింటిలోనూ నెగ్గారు.

అదే 2002లో మొదలైన ముల్కనూరు మహిళా స్వకృషి డెయిరీ మరో దారి చూపింది. అక్కడ సభ్యులంతా మహిళలే, పాలకవర్గాన్ని ఎన్నుకునేదీ వాళ్లే. 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం, సర్కారు జోక్యం లేకుండా నడుచుకునే వీలు కల్పించింది. పశువుకు మేత వేసేదీ, చూడి కనిపెట్టేదీ, ఒట్టిపోయిన గేదెను ఈనేదాకా సాకేదీ ఎక్కువ ఇళ్లలో ఆడవాళ్లే. కానీ సంఘంలో పేరు, బ్యాంకు ఖాతా మాత్రం మగవాళ్లవి. స్థానిక సంస్థల్లో సగం స్థానాలు మహిళలకు కేటాయించుకున్న రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ, గెలిచినామె బదులు భర్త కుర్చీలో కూర్చునే దుస్థితి పోలేదు. పాల సంఘంలో తన పేరు మీద బిల్లు తీసుకుని, సర్వసభ్య సమావేశంలో లేచి లెక్క అడగడం అలవాటైన మహిళను పంచాయతీలో పక్కకు నెట్టడం అంత తేలిక కాదు.

రాజ్యాంగం ఈ బంధాన్ని ఎప్పుడో గుర్తించింది. 73వ సవరణతో వచ్చిన పదకొండో షెడ్యూలులో పంచాయతీలకు ఇవ్వదగినవంటూ 29 అంశాలు రాశారు. నాలుగోది పశుపోషణ, పాడి, కోళ్ల పెంపకం. పన్నెండోది వంటచెరకు, పశుగ్రాసం. ముప్ఫై ఏళ్లు దాటినా ఇవి కాగితం మీదే ఉన్నాయి. పశువైద్యశాలలో డాక్టరు లేకపోతే సర్పంచి చేయగలిగింది అర్జీ పెట్టడమే. ఊరి పశువుల బీడు ఆక్రమణలకు గురైతే రెవెన్యూ ఆఫీసు చుట్టూ తిరగాలి. తెలంగాణలో సర్పంచుల పదవీకాలం 2024 ఆరంభంలో ముగిస్తే, ఎన్నికలు 2025 డిసెంబరులో గానీ జరగలేదు. అన్నాళ్లూ ఊళ్లను ప్రత్యేకాధికారులు ఏలారు. అధికారం లేని, అప్పుడప్పుడు ఉనికే లేని పదవికి పనిమంతులు ఎందుకొస్తారు?

చేయవలసినవి స్పష్టం. పంచాయతీలకూ సహకార సంఘాలకూ గడువు దాటకుండా ఎన్నికలు జరపాలి. పశుగ్రాసం, పశువైద్యం, ఉమ్మడి భూముల బాధ్యతను నిధులతో సహా పంచాయతీకి అప్పగించాలి. పాడి చూసుకునే మహిళ పేరునే సంఘ సభ్యత్వం ఇవ్వాలి. చేసిన పనుల బిల్లులు నెలల తరబడి ఆపి సర్పంచిని అప్పులపాలు చేసే తీరు మారాలి. మండల సమావేశాలను సాయంత్రం పాలు తీసే వేళకు ముందే ముగించాలి. చిన్న విషయంలా కనిపించే ఈ వేళల పట్టికే, రెండు గేదెల మీద బతికే మనిషిని ప్రజాజీవితానికి దూరం పెడుతోంది.

పాల రైతును ఓటరుగా, లబ్ధిదారుగా చూడటానికి అన్ని పార్టీలూ పోటీపడతాయి. పాలకుడిగా చూడటానికి మాత్రం వెనకాడతాయి. గ్రామ స్వరాజ్యం గురించి మనం మాట్లాడేది నిజమైతే ఈ సంకోచం పోవాలి. పూటపూటకూ లెక్క చెప్పడం అలవాటైన చేతికి ఊరి ఖాతా అప్పగించడంలో ఊరికి వచ్చే నష్టమేమీ లేదు. అప్పగించకపోవడం వల్ల జరుగుతున్న నష్టాన్ని మాత్రం ప్రతి పల్లె భరిస్తూనే ఉంది.