బల్ల మీద ఓ ఊరు

అంగుళం ఎత్తు సైనికులు, రెండు పాచికలు, కొలిచే టేపు, భోజనాల బల్ల. మినియేచర్ యుద్ధక్రీడకి ఇవి చాలు. బొమ్మల్ని టేపుతో కొలిచి జరుపుతారు. దెబ్బ తగిలిందో లేదో పాచికలు చెబుతాయి. ఇంగ్లిష్ రచయిత హెచ్.జి.వెల్స్ 1913లోనే దీనిమీద ‘లిటిల్ వార్స్’ అని ఓ పుస్తకం రాశారు. ఆయన మొదట్లో ఎన్‌సైక్లోపీడియా సంపుటాల్ని నేలమీద పేర్చి, అదే దేశం అనుకుని ఆడేవారట!

నెపోలియన్ కాలం యుద్ధమైతే పచ్చ దుప్పటి పరిచి నాలుగు చెట్లు పెడితే సరిపోతుంది. ఈ కాలం యుద్ధానికి మాత్రం ఊరు కట్టాల్సిందే. ఎందుకంటారా? చిన్న లెక్క. 20 మి.మీ. బొమ్మలు దాదాపు 1:72 నిష్పత్తిలో ఉంటాయి. ఏకే-47తో 300 మీటర్ల దాకా గురిచూసి కాల్చవచ్చు. అది బల్ల మీద ఇంచుమించు 14 అడుగులు! ఆడే బల్లేమో ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు. అంటే ఈ మూల నుంచి ఆ మూలకి ఎవరు ఎవర్నైనా కొట్టేయొచ్చు. అడ్డంగా గోడల్లేకపోతే ఆట రెండు నిమిషాల్లో ముగిసిపోతుంది.

అందుకే ఇళ్లకంటే ముందు ఇళ్ల మధ్య ఖాళీ గురించి ఆలోచించాలి. కొత్తవాళ్లు ఇక్కడే బోల్తా పడతారు. ముచ్చటైన మేడలు కట్టి చదరంగం గళ్లలా పేరుస్తారు. వీధి ఈ చివర నిలబడితే ఆ చివర కనిపిస్తుంది... కథ మళ్లీ మొదటికే. రెండిళ్లు దాటగానే వీధి మలుపు తిరగాలి, లేదా ఏదో ఒక ఇల్లు కాస్త ముందుకి జరిగి ఉండాలి. వంగి, గడ్డం బల్లకి ఆనించి, బొమ్మ కంటితో చూడండి. చూపు అడుగున్నర దాటి పోతోందా? అక్కడో కారు అడ్డం పెట్టండి. హాట్‌వీల్స్ కార్లు చాలావరకు 1:64కి దగ్గర్లో ఉంటాయి కాబట్టి 20 మి.మీ. బొమ్మల పక్కన నప్పుతాయి. 28 మి.మీ. బొమ్మలైతే 1:43 కార్లు వాడతారు. (పిల్లల్ని అడిగి తీసుకోండి. లేకపోతే అసలు యుద్ధం ఇంట్లోనే మొదలవుతుంది.)

ఇళ్లకి థర్మోకోల్, అట్ట చాలు. థర్మోకోల్ మీద నేరుగా స్ప్రే రంగు కొట్టకండి, కరిగిపోతుంది. ముందు ఫెవికాల్‌లో జల్లించిన ఇసక కలిపి పూయండి. థర్మోకోల్‌కి రక్షణా అవుతుంది, గోడకి గరుకుతనమూ వస్తుంది. పైకప్పు అతికించకూడదు, డబ్బా మూతలా లేవాలి. సందు ఎంత ఇరుకైనా మన చెయ్యి పట్టాలి. డాబా చుట్టూ బొమ్మ నడుమెత్తున పిట్టగోడ తప్పనిసరి. సంక్రాంతి బొమ్మల కొలువులో ఊరు పేర్చిన చేతులకి ఇదంతా కొత్తేం కాదు.

ఈ ఆటగాళ్లు ఇష్టంగా కట్టే ఊళ్లలో సోమాలియా రాజధాని మొగదిషు ఒకటి. 1993 అక్టోబరు 3 మధ్యాహ్నం, సైనిక నాయకుడు ఐదీద్ అనుచరుల్ని పట్టుకెళ్లడానికి అమెరికా సైనికులు బకారా మార్కెట్ దగ్గర దిగారు. గంటలో అయిపోతుందనుకున్న పని మర్నాడు పొద్దుటిదాకా సాగింది. రెండు బ్లాక్‌హాక్ హెలికాప్టర్లు కూలాయి. కూలినచోటికి బయల్దేరిన వాహనాలకి ఆకాశంలోంచి దారి చెబుతూనే ఉన్నారు. ఆ మాట కింద డ్రైవరుకి చేరేసరికి తిరగాల్సిన సందు దాటిపోయేది. పైనుంచి చూసేవాళ్లకి వీధులన్నీ తేటతెల్లం. బల్ల ముందు నిలబడ్డ మనమూ పైనుంచి చూసేవాళ్లమే కదా! అందుకే వాహనాలు నడిపే ఆటగాడు తన మలుపుని ఒక వంతు ముందే కాగితం మీద రాసిపెట్టాలని నేనైతే నియమం పెడతాను. అన్నట్టు, 2001 నాటి ‘బ్లాక్ హాక్ డౌన్’ సినిమా చూసి ఊరు కట్టేవాళ్లకి ఓ మాట... అందులో కనిపించే వీధులు మొరాకోవి.

ఆ పోరులో 18 మంది అమెరికన్లు చనిపోయారు. సోమాలీల లెక్క వందల్లో ఉంది. వాళ్లలో ఆడవాళ్లూ పిల్లలూ ఉన్నారు. కానీ బల్ల మీద కట్టే మొగదిషు చాలాసార్లు ఖాళీగా కనిపిస్తుంది. అంగడి ఉంటుంది, అమ్మేవాడు ఉండడు. దండెం మీద బట్టలుంటాయి, ఆరేసిన మనిషి ఉండదు. నాకు నచ్చనిది ఇదే. అయినవాళ్లని పోగొట్టుకున్నవాళ్లు ఇంకా బతికున్న యుద్ధం అది. అసలు ఆడకూడదంటే ఒప్పుకుంటాను. ఆడితే మాత్రం ఊళ్లో జనం ఉండాలి.

పౌరుల బొమ్మలూ అమ్ముతారు. పదో పదిహేనో తెచ్చి వీధుల్లో నిలబెట్టండి. ప్రతి వంతుకీ పాచిక వేసి అటూ ఇటూ కదపండి. వాళ్లకి దెబ్బ తగిలితే కాల్చినవాడు ఓడినట్టే. ఒక్కసారి ఇలా ఆడి చూడండి. తుపాకీ 14 అడుగులు కాల్చగలిగినా, అరడుగు దూరంలో ఉన్నవాణ్ని కాల్చడానికే చెయ్యి రాదు.

ఒక బొమ్మ పక్కన కూరలబండి పెట్టడం మరిచిపోకండి. బండికి అగ్గిపెట్టె సరిపోతుంది. చక్రాలకి పాత చొక్కా గుండీలు వెతకండి.