ఆ తేదీ ఎప్పుడు చెబుతారు?

పన్నుల విధానాన్ని నిర్ణయించే ఉన్నతాధికారి గారికి,

నేను అండమాన్‌లోని షాదీపూర్‌లో ఉంటున్న తెలుగువాడిని. మా వంటింటికి గ్యాస్ సిలిండర్లలోనే వస్తుంది. అయినా పైపు గ్యాస్ పన్నుల గురించి మీకు రాస్తున్నాను. 2025 సెప్టెంబరులో మా దీవుల తూర్పు తీరానికి దాదాపు 17 కిలోమీటర్ల దూరంలో, శ్రీవిజయపురం-2 బావిలో సహజవాయువు ఉన్నట్టు ప్రకటించారు. అది రేపు ఎవరి ఇంటికి చేరినా, ఈనాడు కాకినాడలో మావాళ్లు మోస్తున్న పన్నుల భారమే వాళ్ల మీదా పడుతుంది.

ఆదాయపు పన్ను లాభం వచ్చినప్పుడే కట్టాలి. గ్యాస్ మీద పడే మిగతా పన్నులకు లాభనష్టాలతో పని లేదు. బావి దగ్గర రాయల్టీ, పైపులైను రవాణాపై జీఎస్టీ, రాష్ట్రం దాటితే కేంద్ర అమ్మకపు పన్ను, అమ్మకం దగ్గర వ్యాట్, వాహనాల సీఎన్‌జీ అయితే ఎక్సైజ్ సుంకం. పైపులకు, మీటర్లకు, కంప్రెసర్లకు పంపిణీ సంస్థ కట్టిన జీఎస్టీని వ్యాట్‌లో సర్దుబాటు చేసుకునే వీలు లేదు కనుక అది ఖర్చులో కలుస్తుంది, ఆ ఖర్చు ధరలో కలుస్తుంది, ఆ ధర మీద మళ్లీ వ్యాట్ పడుతుంది. పైపులైను రవాణా రుసుమును పెట్రోలియం, సహజవాయువు నియంత్రణ మండలి నిశితంగా పరిశీలించి నిర్ణయిస్తుంది. పన్ను మీద పన్నును ఆపే అధికారం మాత్రం దానికి లేదు.

ఇదంతా తమకు తెలియనిది కాదు. వంట సిలిండర్‌పై 5 శాతం జీఎస్టీ ఉండగా, అదే వంటకు వాడే సహజవాయువుపై ఆంధ్రప్రదేశ్‌లో వ్యాట్ 2020 సెప్టెంబరులో 14.5 నుంచి 24.5 శాతానికి పెరిగింది. మహారాష్ట్ర 2022 ఏప్రిల్‌లో 13.5 నుంచి 3 శాతానికి తగ్గించింది. ఒకే దేశంలో, ఒకే ఇంధనానికి ఇంత తేడా ఎందుకో గృహిణికి ఎవరు చెప్పాలి? పైగా దేశీయ గ్యాస్ ధర 2022లో ఒక్క ఏడాదిలోనే 2.90 డాలర్ల నుంచి 8.57 డాలర్లకు ఎగబాకినప్పుడు, శాతం మారకపోయినా పన్ను మొత్తం కూడా దానితోపాటే పెరిగింది.

గ్యాస్‌ను జీఎస్టీలోకి ఎప్పుడు తేవాలో జీఎస్టీ మండలి సిఫారసు చేయాలని 2016లో వచ్చిన 101వ రాజ్యాంగ సవరణ 279ఎ అధికరణంలో రాసింది. 2017 జులై 1న జీఎస్టీ వచ్చింది, గ్యాస్‌కు తేదీ రాలేదు. 2021 సెప్టెంబరు 17న లక్నోలో ఆ మండలి సమావేశంలో చర్చకు వచ్చినప్పుడు, ఇది సమయం కాదన్నారు. ఏది సమయమో మాత్రం చెప్పలేదు. రాష్ట్రాల రాబడి పోతుందన్న భయం నిజమే, దాన్ని తేలిగ్గా తీసుకోమనడం లేదు. కానీ మిగతా సరుకుల విషయంలో అదే భయానికి ఐదేళ్ల పరిహారంతో దారి చూపినవారు, గ్యాస్ దగ్గరికి వచ్చేసరికి దారే లేదనడం ఎలా న్యాయం?

ఈ వాయువు కోసం, దాన్ని అందించే కోనసీమ చెల్లించినది పన్ను ఒక్కటే కాదు. 1995లో పాశర్లపూడి బ్లోఅవుట్ మంటల్ని చూసినవారు, 2014 జూన్ 27న నగరం గ్రామంలో పైపులైను పేలుడులో అయినవాళ్లను పోగొట్టుకున్నవారు ఆ నేల మీదే ఉన్నారు. దేశ ఇంధనంలో గ్యాస్ వాటా 2030 నాటికి 15 శాతం కావాలన్న లక్ష్యం ప్రభుత్వానిదే అయినప్పుడు, దాన్ని అందించే నేలకు, వాడే ఇంటికి న్యాయం చేయడమూ ప్రభుత్వ బాధ్యతే.

నా విన్నపాలు మూడు. గ్యాస్‌ను జీఎస్టీలో చేర్చే తేదీని ప్రకటించండి, దూరమైనదైనా సరే. అంతవరకు పంపిణీ సంస్థలు పరికరాలపై కట్టిన జీఎస్టీని వాపసు ఇచ్చి, ఆ మేలు వినియోగదారుడికి చేరేలా చూడండి. ప్రతి బిల్లులో గ్యాస్ ధర ఎంత, ఏ పన్ను ఎంత అన్నది విడివిడిగా చూపించమని ఆదేశించండి. మూడోది మీ సంతకంతో అయ్యే పని, దానికి ఏ సమయం కోసమూ ఆగనక్కరలేదు.

ఇట్లు,
షాదీపూర్ నివాసి