సీరియల్ తాళి, మన మారుమనువు

రాత్రి ఏడు దాటాక మా చింతూరు వైపు ఏ గూడెంలోకైనా వెళ్లి చూడండి. కరెంటు ఉంటే చాలు, టీవీ ఉన్న ఇంట్లో పదిమంది కూర్చుని ఉంటారు. కార్తీకదీపం నడిచిన రోజుల్లో (2017 నుంచి 2023 దాకా స్టార్ మాలో వచ్చింది కదా) ఇప్పపువ్వు ఏరి అలిసిపోయి వచ్చిన ఆడవాళ్లు కూడా వంటలక్క ఏడుపు చూశాకే అన్నం తినేవాళ్లు. నేనూ చూశాను. చూడొద్దని చెప్పడానికి ఇది రాయట్లేదు.

ఆ కథ గుర్తుందా? భర్త డాక్టరు. తనకు పిల్లలు పుట్టరని నమ్మి, కడుపుతో ఉన్న దీపను అనుమానించాడు. ఆమె బయటికొచ్చి, వంటలు చేసుకుంటూ కూతుర్ని పెంచుకుంది. డాక్టరే కదా, ఒక్క డీఎన్ఏ టెస్టు చేయించొచ్చుగా అని అందరం నవ్వుకున్నాం. అంత అవమానం జరిగాక ఆమె ఆ మనిషి కోసమే ఎందుకు ఎదురుచూడాలి అని మాత్రం మనలో ఎవరూ అడగలేదు. సీరియల్ లెక్కలో అది ప్రశ్నే కాదు. తాళి పడింది, దేవుడు సాక్షి, అంతే.

ఇంకో సీన్ కూడా మీకు బాగా తెలుసు. గుళ్లో ఎవడో కోపంతో ఒక పిల్ల మెడలో బలవంతంగా తాళి కట్టేస్తాడు. గంటలు మోగుతాయి, గాలి వీస్తుంది, అమ్మవారి మొహం మూడుసార్లు చూపిస్తారు. ఆ పిల్ల కొన్నాళ్లు ఏడ్చి, తర్వాత అదే పసుపుతాడును కళ్లకద్దుకుంటుంది. నిజానికి వాళ్ల చట్టం కూడా అలా చెప్పదు. 1955 హిందూ వివాహ చట్టం 12వ సెక్షన్ ప్రకారం బలవంతంతోనో మోసంతోనో ఒప్పించిన పెళ్లిని కోర్టులో రద్దు చేయించుకోవచ్చు. నేను చూసిన సీరియల్స్‌లో ఒక్క లాయరు కూడా ఈ ముక్క చెప్పలేదు. మనకైతే ఆ చట్టమే వర్తించదు. కేంద్రం ప్రత్యేకంగా నోటిఫై చేస్తే తప్ప షెడ్యూల్డ్ తెగలకు ఇది వర్తించదని అందులోనే 2వ సెక్షన్‌లో రాసి ఉంది. మన పెళ్లికి మన ఆచారమే చట్టం.

ఆ ఆచారంలో ఏముందో మా అమ్మమ్మ సంగతి చెప్తే తెలుస్తుంది. మొదటి మొగుడు తాగి కొడుతుంటే పుట్టింటికి వచ్చేసింది. పెద్దలు కూర్చున్నారు. ఆయన వాళ్లు ఓలి కింద ఇచ్చింది లెక్కగట్టి వెనక్కి ఇప్పించారు. మరుసటేడు మా తాతను మారుమనువు చేసుకుంది. ఊళ్లో ఎవరూ ఆమెను తక్కువగా చూడలేదు, భూమి పండుగలో అందరితోపాటే ఆడింది. పిల్ల తరఫువాళ్లు ఎదురు డబ్బు ఇవ్వడం అనేది ఆమెకు తెలియనే తెలియదు.

ఇప్పుడో? పోయినేడు మా దగ్గర ఇరవై రెండేళ్ల అమ్మాయికి భర్త చనిపోయాడు. మారుమనువు మాట ఎత్తితే డిగ్రీ చదివిన వాళ్ల అన్నే "పరువు పోతుంది" అన్నాడు. బైకు, బంగారం అడిగే సంబంధాలు కూడా వచ్చేశాయి. ఇదంతా టీవీ వల్లే అని నేను అనను. కాలేజీలో, బస్సులో, ఆఫీసులో చిన్నచూపు చూసినప్పుడల్లా వాళ్లలా కనబడితే బాగుండు అని మనకే అనిపిస్తుంది. వాళ్లలా అంటే ఎలాగో రోజూ అరగంట చూపించేది మాత్రం సీరియలే. అదీ వాళ్ల ఆడవాళ్లు నిజంగా బతికే బతుకు కాదు, పట్టుచీరలో చెప్పే నీతి.

అలాగని మన ఆచారం అంతా బంగారం కాదు తమ్ముళ్లూ. పెద్దల పంచాయితీలో ఆడవాళ్లు ఎంతమంది కూర్చుంటున్నారు? పిల్లను ఎత్తుకెళ్లి చేసుకోవడాన్ని కూడా ఆచారం అని సమర్థించేవాళ్లు మనలో ఉన్నారు. గుళ్లో బలవంతపు తాళికీ దీనికీ తేడా ఏంటో నాకు చెప్పండి. ఆచారం ఎక్కడా రాసి లేకపోతే నష్టపోయేదీ ఆడవాళ్లే. ఒక ఆదివాసీ మహిళ, భర్త ఇంకో పెళ్లి చేసుకున్నాడు, శిక్షించండి అని సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. హిందూ వివాహ చట్టం మీకు వర్తించదు, రెండో పెళ్లి చెల్లదనే ఆచారం మీ తెగలో ఉందని నువ్వు చూపించలేదు అని 2001లో కోర్టు ఆమె కేసు కొట్టేసింది.

అందుకే సెలవులకు ఇంటికెళ్లినప్పుడు అవ్వల దగ్గర కూర్చోండి. ఎవరు ఎలా విడిపోయారు, ఓలి ఎలా తేల్చారు, పిల్లలు ఎవరి దగ్గర ఉన్నారు, అన్నీ అడిగి రాసుకోండి. ఆచారాలను కాపాడుకునే అధికారం 1996 పెసా చట్టం గ్రామసభకే ఇచ్చింది. మా ఊళ్లో వచ్చే గ్రామసభలో మూడు మాటలు తీర్మానంగా పెడుతున్నాం. అమ్మాయి ఒప్పుకోని పెళ్లి పెళ్లి కాదు. మారుమనువుకు ఊరు అడ్డురాదు. పెళ్లి తగాదాల పంచాయితీలో సగంమంది ఆడవాళ్లే ఉండాలి. ఆ అమ్మాయి అన్న కూడా సభకు వస్తానన్నాడు. వచ్చి ఏమంటాడో చూడాలి.