పిల్లికి వ్రతం పెట్టవచ్చునా?

గడచిన కార్తికంలో ఒకనాడు ప్రదోషపూజ ముగించి తీర్థం ఇస్తుండగా, మా ఆలయానికి నిత్యం వచ్చే ఒక ఇల్లాలు అందరూ వెళ్ళేవరకూ స్తంభం పక్కనే నిలబడి ఉన్నారు. సంగతేమిటని అడిగాను. "స్వామీ, మా పిల్లికి చూపు పోయింది. గుమ్మానికి కొట్టుకుంటోంది. మేము పెట్టిన తిండివల్లనే ఇలా అయిందని పశువైద్యుడు చెప్పారు. ఇది మాకు పాపమేనా?" అని కంటతడి పెట్టుకున్నారు.

ఆ ప్రశ్న నాకు ముల్లులా గుచ్చుకొన్నది. మూడేళ్ళ క్రితం ఆ పిల్లిని తెచ్చుకొన్నప్పుడు ఆమె నన్నే అడిగారు. ఇంట సాలగ్రామార్చన ఉన్నది, వంటింట ఉల్లిపాయ సైతం తరగరు. దానికి ఏమి పెట్టాలి అని. నేను ఛాందోగ్యంలో ఆహారశుద్ధిని గూర్చి చెప్పిన మాటను ఉదహరించి, "పెరుగన్నం పెట్టండమ్మా, సాత్వికాహారంతో దానికీ సత్త్వగుణం అలవడుతుంది" అన్నాను. ఆమె అక్షరాలా అలాగే చేశారు. కనుక ఈ వ్యాసం ఇతరులకు చేసే ఉపదేశం కాదు, నేను అన్న మాటను నేనే వెనక్కు తీసుకోవడం.

మొదట లోకంలో ఉన్న సంగతి చూద్దాం. పిల్లి శరీరానికి టౌరిన్ అనే పదార్థం అత్యవసరం. అది మాంసంలో, చేపలో సమృద్ధిగా ఉంటుంది. ధాన్యాలలో, పప్పులలో, కూరగాయలలో దాదాపుగా ఉండదు. మన శరీరం దానిని తానే తయారు చేసుకోగలదు. పిల్లికి ఆ శక్తి చాలినంత లేదు. 1975లో అమెరికా శాస్త్రజ్ఞులు కేవలం పాలలోని మాంసకృత్తు ఆధారంగా పెంచిన పిల్లులకు కంటిలోని రెటీనా క్షీణించిపోతున్నదని, దానికి కారణం టౌరిన్ లోపమేనని వెల్లడించారు. పాలు! మనం పరమ పవిత్రమని తలచి గిన్నెలో పోసేది అదే కదా. 1987లో డేవిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వారు అదే లోపంవల్ల పిల్లుల గుండె కండరం సడలిపోయి అవి మరణిస్తున్నాయని, టౌరిన్ అందిస్తే ఆ జబ్బు చాలావరకు కుదుటపడుతున్నదని నిరూపించారు. గుండె కోలుకొంటుంది కాని, పోయిన చూపు తిరిగి రాదు. ఇంతే కాదు. ఆకుకూరలలోని పసుపు పదార్థం నుండి మనకు ఏ విటమిన్ లభిస్తుంది. పిల్లి దానిని ఆ విధంగా మార్చుకోలేదు. కుక్క సంగతి వేరు. అది వేల ఏళ్ళు మనిషి వాకిట పడి ఉండి అన్నం అరిగించుకోవడం నేర్చింది.

"మా నాయనమ్మగారి ఇంట పిల్లి పెరుగన్నం తినే పదేళ్ళు బతికింది కదా" అని మీలో కొందరు అనవచ్చు. మా అగ్రహారంలోనూ అలాగే బతికాయి. అయితే అవి తిన్నది మనం చూసినంత మాత్రమే కాదు. మధ్యాహ్నం పెరట్లో వేసిన పిడికెడు పెరుగన్నం తిని, రాత్రి గాదె కింద, గడ్డివామి దగ్గర, చూరులో తమ తిండి తాము సంపాదించుకొనేవి. ఎలుక తోక వాకిట కనబడితే మా అమ్మ గోమయంతో అలికి ఊరకుండేది. ఎవరూ పిల్లిని తిట్టలేదు. నేడు నాలుగో అంతస్తులో, కిటికీలకు వల బిగించిన ఫ్లాటులో ఉన్న పిల్లికి గాదె ఏది? ఎలుక ఏది? పాత ఆచారాన్ని తెచ్చుకొన్నాం కాని, ఆ ఆచారం నిలిచిన పెరడును తెచ్చుకోలేదు. నేను పొరబడినదీ ఇక్కడే.

శాస్త్రం వైపు చూస్తే నా పొరపాటు మరింత స్పష్టమవుతుంది. ఉపనిషత్తు ఆహారశుద్ధిని చెప్పినది సాధకునికి. తినదగినది, తినరానిది ఎరిగి, రుచిని జయించగలవానికి. వ్రతమంటే సంకల్పం. సంకల్పం లేనివానికి ఉపవాసం వ్రతం కాదు, పస్తు. ఏకాదశినాడు పసిబిడ్డను, రోగిని, వృద్ధుణ్ణి పస్తు ఉంచమని ఏ ధర్మశాస్త్రమూ విధించలేదు. ఇక నోరులేని ప్రాణి చేత మన సంకల్పాన్ని ఆచరింపజేసి ఆ పుణ్యం మన ఖాతాలో వేసుకోవడం ఎలా కుదురుతుంది? ప్రాణులు తమ ప్రకృతిని అనుసరించే నడుచుకుంటాయని, నిగ్రహం అక్కడ ఏమీ చేయలేదని గీతాచార్యుడు మూడవ అధ్యాయంలో అర్జునునికి చెప్పనే చెప్పాడు.

మన పెద్దలకు పిల్లి స్వభావం తెలియక కాదు. మహాబలిపురం శిలాఫలకంపై ముందుకాళ్ళు పైకెత్తి తపస్సు చేస్తున్న పిల్లిని, దాని పాదాల చెంత నమ్మకంగా చేరిన ఎలుకలను పల్లవ శిల్పి చెక్కాడు. హితోపదేశంలో చాంద్రాయణం చేస్తున్నానని చెప్పి పక్షిపిల్లలను కబళించిన మార్జాలం ఉన్నది. మనుస్మృతి నాలుగవ అధ్యాయం దొంగ ధార్మికునికి బైడాలవ్రతికుడని పేరే పెట్టింది. మాంసం మానిన పిల్లి అనే ఊహ మన వాఙ్మయంలో పరిహాసానికే పనికివచ్చింది. దానిని నిజం చేయబోయినవాళ్ళం మనమే.

ఈ విషయంలో నాకు దారి చూపినది శిబి చక్రవర్తి కథ. అగ్ని పావురమై, ఇంద్రుడు డేగయై వచ్చారు. శరణుజొచ్చిన పావురాన్ని రాజు విడువనన్నాడు. "నా ఆహారాన్ని నీవు హరిస్తే నేను, నా పిల్లలు మరణిస్తాము, ఒక ధర్మం మరొక ధర్మాన్ని చంపితే అది ధర్మమవుతుందా?" అని డేగ వాదించింది. ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. అంతటి దయాళువైన రాజు "నీవు గింజలు తిని బతుకు" అని డేగతో అనలేదు. దాని ఆకలి న్యాయమైనదని ఒప్పుకొన్నాడు. ఒప్పుకొని, ఆ ఆకలి భారాన్ని తన తొడ కోసి తానే మోశాడు. అహింస అంటే ఎదుటి ప్రాణిని మార్చడం కాదు, దానివల్ల మనకు కలిగే కష్టాన్ని మనం భరించడమని నాకు ఆ కథలో తోచింది.

ఆ కష్టం చిన్నది కాదు, దాచను. పిల్లి తినే మాంసం ఒక కోడిదో, చేపదో. అంగళ్ళలో అమ్మే పిల్లుల ఆహారంలో చాలాభాగం మనుషులు వాడగా మిగిలినవాటితోనే తయారవుతుందన్నది నిజమే. అందువల్ల హింస లేకుండా పోదు. అరణ్యపర్వంలోని ధర్మవ్యాధుణ్ణి తలచుకోండి. తాను చంపడు, తాను తినడు, కాని మిథిలలో మాంసపు అంగడి నడుపుతూ తన విధిని ఏవగించుకోకుండా నిర్వర్తించాడు. కౌశికుడనే వేదపండితుడు ధర్మం తెలుసుకోవడానికి ఆయన వద్దకే వెళ్ళవలసి వచ్చింది. ఈ భారం మోయలేమనుకొనే గృహస్థులు పిల్లిని తెచ్చుకోకపోవడమే ఉత్తమం. ఆవు ఉన్నది, కుందేలు ఉన్నది. రామచిలుకను మాత్రం తేవద్దు, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం దానిని పంజరంలో పెట్టనివ్వదు. ఇదివరకే తెచ్చుకొని ఉంటే, సరైన తిండి పెట్టగల ఇంటికి అప్పగించడంలో దోషం లేదు.

విదేశాలలో ఉన్న మన పిల్లలనుండి మరొక వాదం వినబడుతోంది. పాలు, పెరుగు, తేనె సైతం విడిచిన వీగన్లు అక్కడ ఎందరో. ఆ పేరు 1944లో ఇంగ్లండులో పుట్టింది. కర్మాగారంలో తయారైన టౌరిన్ కలిపిన శాకాహారపు పొట్లాలు పిల్లులకు దొరుకుతున్నాయి కదా అని వారంటారు. 2023లో 1,369 పిల్లుల యజమానులను ప్రశ్నించి వెలువరించిన ఒక అధ్యయనంలో, అటువంటి ఆహారం తిన్న పిల్లుల ఆరోగ్యం తీసిపోలేదని చెప్పిన మాటా ఉన్నది. వారి కరుణను నేను తక్కువ చేయను. మన కంటే కఠిన నియమం వారిది. కాని అవి యజమానులు చెప్పిన మాటలు, అన్ని పిల్లులనూ పరీక్షించి తేల్చిన నిర్ణయం కాదు. పశువైద్యుని పర్యవేక్షణలో, తరచు రక్తపరీక్షలు చేయిస్తూ ఎవరైనా ఆ మార్గాన పోతే నేను నిందించను. నాకు మాత్రం, "వద్దు" అనలేని జీవిపై ఇంకా తేలని ప్రయోగం చేయడం రుచించదు. పెరుగన్నం, పప్పన్నం, సాంబారన్నం సంగతిలో ఆ సందేహం కూడా లేదు, అవి చాలవు. బ్రిటన్‌లో 2006 నాటి జంతు సంక్షేమ చట్టం పెంపుడు జంతువుకు తగిన ఆహారం పెట్టడాన్ని యజమాని బాధ్యతగా చేసింది. మన దేశంలోనూ 1960 నాటి చట్టం చాలినంత తిండి పెట్టకపోవడాన్ని క్రూరత్వమే అంటుంది.

వైష్ణవ సంప్రదాయంలో మార్జాలకిశోర న్యాయమని ఒకటి ఉన్నది. కోతిపిల్ల తల్లిని తానే గట్టిగా పట్టుకుంటుంది. పిల్లికూన అలా కాదు. తల్లి నోట కరచుకొని ఎక్కడ దించితే అక్కడ ఉంటుంది. భగవంతునికి అలా శరణాగతులం కావాలని ఆచార్యులు చెప్పారు. తలుపులు మూసిన మీ ఇంట ఆ పిల్లి మీ పట్ల అదే స్థితిలో ఉన్నది.

మడి, ఆచారం సంగతి అడిగేవారికి రెండు మాటలు. దాని గిన్నె వంటింటి పాత్రలతో కలపకండి. వసారాలోనో బాల్కనీలోనో పెట్టండి. పెట్టినవారు కాళ్ళు చేతులు కడుగుకొని లోనికి రండి. నైవేద్యం వండే వేళ, పెట్టే వేళ పిల్లిని పూజగదికి దూరంగా ఉంచండి. ఇంతకు మించి శంకించనక్కరలేదు. సాలగ్రామానికి దీనివల్ల మైల రాదు.

ఆ ఇల్లాలు ప్రాయశ్చిత్తం ఏమి చేయమంటారని అడిగారు. "మీకేమీ లేదమ్మా, చెప్పినవాణ్ణి నేను, అది నాది" అన్నాను. వైద్యుడు చెప్పిన ఆహారం ఇప్పుడు బాల్కనీలో పెడుతున్నారట. ఆ గిన్నె ఉన్న చోటు మాత్రం మార్చవద్దని చెప్పి పంపాను, చూపులేనిది కదా, అలవాటైన చోటనే వెతుక్కుంటుంది.