ఉద్దానమున ఊహాలోకములు

టెక్కలి ప్రాంతమునుండి యొక విద్యార్థిని మాకు లేఖ వ్రాసినది. ఆమె తండ్రి మూత్రపిండముల వ్యాధిచే బాధపడుచు, వారమునకు రెండు మారులు డయాలిసిస్ నిమిత్తము ఆసుపత్రికి పోవుచున్నాడు. యంత్రముచే రక్తము శుద్ధియగుటకు ఇంచుమించు నాలుగు గంటలు పట్టును. తోడు పోయిన యా బాలిక యంతసేపును వసారాలోని బల్లపై కూర్చుండి నవలలు చదువుకొనును. అవి యన్నియు ఆంగ్ల గ్రంథమాలలు. కొన్నిటియందు మంత్రవిద్య నేర్పు పాఠశాలలును, అగ్ని గ్రక్కు మహాసర్పములును గలవు. మఱికొన్ని రాబోవు కాలమున మానవజాతికి దాపురింపగల దుష్టపాలనను చిత్రించునవి. వీనిని డిస్టోపియా నవలలందురు. హ్యారీ పోటర్ ఏడు సంపుటములును ముగించితిననియు, హంగర్ గేమ్స్ రెండవమారు చదువుచున్నాననియు ఆమె మిక్కిలి యుత్సాహముతో వ్రాసి, తుదకొక ప్రశ్న వేసినది. తండ్రి లోపల యంత్రముచెంత పరుండియుండగా బయట నిట్టి కథలు చదువుటకు సిగ్గులేదా యని బంధువులొకరు తన్ను నిలదీసిరట. తాను చేయుచున్నది తప్పా యని ఆమె మమ్మడుగుచున్నది.

తప్పు కాదు. ఈ మాట మొదటనే చెప్పి, కారణములు పిమ్మట విన్నవించెదము.

ఇట్టి చదువుపై పెద్దలు మోపు నేరములు మూడు. ఇవి వట్టి యబద్ధములనునది మొదటిది. పరదేశీయములనునది రెండవది. కష్టమునుండి పాఱిపోవుట నేర్పుననునది మూడవది.

మొదటి నేరము మోపుటకు తెలుగువారికి అధికారము లేదు. మధిర సుబ్బన్న దీక్షితులుగారి కాశీమజిలీకథలు పండ్రెండు భాగములను మన తాతలు చదివిరి. కాశికి పోవు మణిసిద్ధుడు తోడు రమ్మని పిలువగా, మజిలీ మజిలీకి ఒక వింతకథ చెప్పినగాని రానని గోపబాలకుడు పట్టుపట్టెను. ఆ యొప్పందముపైననే అంత గ్రంథమును నడచినది. అలసిన పాదములకు కథయే విశ్రాంతి. మఱునాటి నడకకు కథయే బలము. తరువాత, 1947 జూలైలో మదరాసున చందమామ వెలసెను. అందు దాసరి సుబ్రహ్మణ్యంగారు 1950లనుండి 1970లవరకు తోకచుక్క, కంచుకోట, రాకాసిలోయ, పాతాళదుర్గం మున్నగు ధారావాహికలను వ్రాసిరి. తరువాయి భాగము కొఱకు నెల దినములు వ్రేళ్లపై లెక్కించిన పిల్లలే నేడు తాతలై, మనుమలు అద్భుతకథలు చదువుచున్నారని విచారించుట వింత.

రెండవ నేరమునకు ఉత్తరము చెప్పుకొనవలసినవారు పిల్లలు కారు. చందమామ 2010 తరువాతి యేండ్లలో నిలిచిపోయినది. ఆ స్థానము నేటికిని పూరింపబడలేదు. పిల్లల కథలు చాలక, పెద్దల నవలలు రుచింపక తహతహలాడు పదునాలుగేండ్ల పాఠకునకు తెలుగున ఏడు సంపుటముల గ్రంథమాల నొకదానిని చూపుమన్నచో మనలో నెందఱు చూపగలరు? 2024 జూన్‌లో విడుదలైన కల్కి చిత్రమున భూమిపై మిగిలిన కడపటి నగరము కాశి. అచ్చట జనులు నీటి చుక్కకై తపించుచుందురు. కాశీయాత్రలో వింతలు విన్న జాతియే ఆ కాశి యెండిపోయిన వింతను చూచుటకు చిత్రశాలలయొద్ద బారులు తీర్చినది. కావున కోరువారికి కొఱత లేదు. వ్రాసి యచ్చొత్తించువారికే కొఱత. స్వదేశీవ్రతమనగా పరుల వస్త్రమును విడనాడుటతో ముగియునది కాదు. ఇంట రాట్నము త్రిప్పవలయును. రాట్నమును అటుకపై పడవైచి, బిడ్డ పొరుగు బట్ట కట్టుకొన్నదని కోపగించు తల్లిదండ్రుల నేమనవలయును?

మూడవ నేరమే బరువైనది. ఆ బాలిక చదువుచున్న నవలలో ఒక రాజధానియు, దానికి లోబడిన పండ్రెండు మండలములును గలవు. ఒక మండలము చేపలు పట్టి పంపవలయును. ఒకటి బొగ్గు త్రవ్వి పంపవలయును. ఒకటి పంట పండించి పంపవలయును. పండించిన చేయి ఆ పంటను నోట వేసికొన్నచో శిక్ష తప్పదు. అమెరికా రచయిత్రి సుజాన్ కాలిన్స్ 2008లో ప్రకటింప మొదలిడిన యీ కథ ఉద్దానమున కూర్చుండి చదువువారికి దూరదేశపు ముచ్చటగా తోచునా? పలాసలో జీడిగింజ తొక్కలోని ఘాటైన నూనెకు స్త్రీల చేతులు నల్లబడును. విరుగని తెల్లని పప్పు దూరనగరముల మిఠాయి యంగళ్లకు పోవును. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరుల కొబ్బరికాయలు లారీలకెక్కి ఉత్తరదేశమునకు తరలును. ఉద్యాన శబ్దమే ఉద్దానమైనదందురు. అంత పచ్చని సీమలో మూత్రపిండముల వ్యాధి యూరూర కాపురమున్నది. 1990లలోనే వైద్యుల దృష్టికి వచ్చిన యీ వ్యాధికి మూలకారణము నేటికిని నిర్ధారితము కాలేదు. ఇది చాలనట్లు 2018 అక్టోబరు 11వ తేదీన తిత్లీ తుపాను పలాస చేరువ తీరము దాటి, కొబ్బరిని, జీడిని, పనసను కూకటివ్రేళ్లతో పెల్లగించెను. ఏండ్లతరబడి బిడ్డవలె పెంచిన తోట ఒక్క తెల్లవాఱుజామున కట్టెలమోపైనది.

అట్టి సీమలో పుట్టిన పాఠకురాలు ఆ నవలలో తన యూరినే చూచుకొనుచున్నది. పాఱిపోవువాడు వెనుకకు తిరిగి చూడడు. ఈమె తన కష్టమును కథలో మఱల నెదుర్కొని, దానికొక పేరును, ఒక రూపమును వెదకుకొనుచున్నది. ఆ నాలుగు గంటలు ఆమె గోడవంక చూచుచు కూర్చుండిన మాత్రమున తండ్రి రక్తము త్వరగా శుద్ధికాదు.

ఊహ పనికిమాలినదనువారు పలాస చరిత్రనొకసారి తలచుకొనవలయును. 1940 మార్చిలో అఖిలభారత కిసాన్ సభవారి మహాసభ పలాసలో జరిగినది. దానికి అధ్యక్షులుగా ఎన్నుకొనబడిన రాహుల్ సాంకృత్యాయన్ గొప్ప పండితుడు, దేశసంచారి. ఆయన ‘బాయీస్వీ సదీ’, అనగా ఇరువదిరెండవ శతాబ్ది యను నవలను అంతకు పూర్వమే, 1920లలో హిందీలో వ్రాసియుండెను. రెండువందల యేండ్లు నిద్రించి లేచిన యొక పురుషుడు దారిద్ర్యము లేని నూతన భారతమును చూచుట అందలి కథ. అట్టి కథ కట్టిన మనుష్యుని రైతులు తమ మహాసభకు అధ్యక్షునిగా నెన్నుకొనిరి. సభ ముగిసిన కొద్ది దినములకే మందసా జమీందారీలో తమ హక్కులకై నిలిచిన రైతులపై పోలీసులు కాల్పులు జరుపగా, వీరగున్నమ్మ మొదలగువారు నేలకొరిగిరి. ఆ దినమున జమీందారు లేని మందసా యనునది రాకాసిలోయకన్నను నమ్మరాని కథ. ఎనిమిదేండ్లకు, 1948లో, మదరాసు రాష్ట్రమున ఎస్టేటుల రద్దు చట్టము వచ్చెను. లేనిదానిని ముందుగా మనస్సున చూడగలిగినవారే దానికొఱకు తుపాకులయెదుట నిలువగలిగిరి.

మన కాలమునను ఇదియే జరిగినది. 2010 జూలై 14న సోంపేట బీలయందును, 2011 ఫిబ్రవరి 28న టెక్కలి చేరువ కాకరాపల్లియందును, థర్మల్ విద్యుత్కేంద్రములను ఎదిరించిన జనులపై కాల్పులు జరిగి ప్రాణములు పోయినవి. తంపర భూములపై బూడిద కప్పగల దినమును, చేప దొరకని మడుగును ఆ పల్లెవారు కన్నులు మూసికొని చూడగలిగిరి. వారు డిస్టోపియా యను మాటను వినియుండరు. ఆ నవలలు చెప్పునది మాత్రము వారికి తెలియును. సోంపేట బీల నేటికిని బీలగనే యున్నది.

అయినను ఈ కథలయందొక లోపము గలదు. అది మా పాఠకురాలికి చెప్పకుండుట మర్యాద కాదు. కథలోని దుష్టునకు ఒక ముఖముండును, ఒక కోటయుండును. మాయలఫకీరు ప్రాణము చిలుకలో నుండును. హ్యారీ పోటర్ పగతుని ప్రాణమును తునకలై వేఱువేఱు వస్తువులలో దాగియుండును. ఆ గుట్టు దొరకినచో కథ ముగియును. ఉద్దానపు వ్యాధికి అట్టి చిలుక దొరకలేదు. నీటియందు వెదకిరి, మట్టియందు వెదకిరి, ఎండలో చేయు చాకిరియందును వెదకిరి. ఇట్టిచోట ఒక్క వీరుడు కత్తి దూసి ప్రయోజనము లేదు. పరిశోధకుడు, వైద్యుడు, కుళాయి బాగుచేయు పనివాడు, లెక్కలడుగు పౌరుడు ఏండ్లతరబడి విసుగులేక పనిచేయవలయును. హిరమండలము జలాశయమునుండి ఉద్దానమునకు నీరు తెచ్చు పథకమును, పలాసలోని మూత్రపిండ పరిశోధనాకేంద్రమును, ఆసుపత్రియు 2023 డిసెంబరు 14న ప్రారంభింపబడినవి. సంతోషమే. శిలాఫలకము వెలసినంతనే శుభమని పుస్తకము మూయుట కథకు చెల్లును. ప్రతి గడపకు ప్రతిదినము మంచినీరు చేరుచున్నదా, పరిశోధన యెంతవఱకు వచ్చినదని అడుగుచునే యుండుట మనకు విధి. దుష్టపాలనల నవలలు చదివినవారు ఇట్టి ప్రశ్నలడుగుట నేర్చికొననిచో, వారి చదువు సగమే యయినది.

ఇక మా మనవి ప్రభుత్వమునకును, ప్రచురణకర్తలకును. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథభాండాగార ప్రతినిధుల సభ జరిగిననాటినుండి, పుస్తకమును ప్రజలయొద్దకు కొనిపోవుట మన జాతీయోద్యమమున నొక భాగమైయుండెను. 1935లో కృష్ణా కాలువలపై పడవలో గ్రంథాలయము నడపిన జాతి మనది. 1960 నాటి చట్టముననుసరించి ఇంటిపన్నుతోబాటు గ్రంథాలయపు సుంకమును నేటికిని చెల్లించుచునే యున్నాము. ఆ ధనముతో పలాస, టెక్కలి, సోంపేట మొదలగు ఊళ్లలోని డయాలిసిస్ కేంద్రముల వసారాలయందు ఒక్కొక్క పుస్తకముల బీరువా పెట్టించుట అసాధ్యమా? రోగి వెంట వచ్చినవారు వేచియుండు గంటలు వేలకు వేలు. అందు కాశీమజిలీలును ఉండవలయును, చందమామ ధారావాహికలును ఉండవలయును, పరదేశపు గ్రంథమాలలకు మంచి తెలుగు సేతలును ఉండవలయును. ఈ పుటలో మేము వ్రాయు భాష యెట్లున్నను, పిల్లల కిచ్చు కథ మాత్రము వారి నోటి తెలుగున నుండవలయును. గిడుగువారి జిల్లాలో ఈ మాట మఱల చెప్పవలసివచ్చుటయే సిగ్గు.

అనువాదములతో తృప్తిపడుటయు చాలదు. పురాణములు పరశురామునకు తపోభూమియని చెప్పు మహేంద్రగిరి ఉద్దానమునకు కనుచూపుమేరలో నున్నది. తేలినీలాపురపు చింతచెట్లకు ఏటేట దూరదేశపు పక్షులు వచ్చి గూళ్లు కట్టుచున్నవి. ఇంతకన్న వింతలోకము ఏ రచయితకు కావలయును? కాళీపట్నం రామారావుగారు 1997లో శ్రీకాకుళమున స్థాపించిన కథానిలయము తెలుగుకథల నన్నిటిని ఒకచోట చేర్చుచున్నది. ఉద్దానపు నీటిని గూర్చిన యొక గొప్ప ఊహాకథయు అందు చేరవలయును. దానిని దూరమునుండి వచ్చినవారు వ్రాయలేరు.

అమ్మాయీ! నీవు సిగ్గుపడవలసినది లేదు. చదువుము. చదివినదానిని ఇంటికి మరలు బస్సులో మీ నాయనకు మీ యూరి తెలుగున చెప్పుము. వారమునకు రెండు మజిలీలు మీకు తప్పకున్నవి గదా. మజిలీకొక కథయైనను ఆయనకు దక్కవలయును. చెప్పిచెప్పి ఆ కథలు తరిగిపోయిననాడు నీ కథ మొదలిడుము. అది వ్రాతలోనికి వచ్చిననాడు మా పత్రికకు పంపుము. ప్రకటించుటకు చోటు మేము వెదకెదము.