పిడికిలిలోని బంతి

షికాగో నగరమందలి పాఠశాలలలో 'బికమింగ్ ఎ మేన్' అను పేర, చదువు మానివేయు దారిలోనున్న బాలురకై, వారమునకొక గంట చొప్పున జరుగు తరగతులలో తొలినాళ్ల నాడించు ఆట యొకటి కలదు. పిల్లలను జంటలుగా విడదీసి, ఒకని చేతికి బంతినిచ్చి, వాని పిడికిలినుండి దానిని 30 సెకండ్లలో తీసికొమ్మని రెండవవానితో చెప్పుదురు. ఇక వ్రేళ్లు విరుచుటయు, మణికట్టు మెలిపెట్టుటయు, నేలబడి పొరలుటయు! గడువు తీరిన పిమ్మట కౌన్సెలరు, బంతి నిమ్మని ఎవ్వరును అడుగలేదేమని ప్రశ్నించును; అడిగిన మాత్రమున ఇచ్చునా యని వారందురు. అతడు బంతి పట్టినవానినే అడుగగా, అడిగియుండిన ఇచ్చివేసెడివాడనే, బోడి బంతి యెవరికి కావలెనని వాడనును.

1960ల దశకమున ఏరన్ బెక్ మనోవ్యాకులతకు గురియైన రోగులకై రూపొందించిన చికిత్సకు మూలసూత్రమిదియే: తటాలున మనస్సున మెదలిన తలంపును సత్యమని స్వీకరింపక, దానికి సాక్ష్యమేమని విచారించి, నిలువనిచో సవరించుకొనుట. ఎదుటివాడు బుద్ధిపూర్వకముగా చేసెనో పొరపాటున చేసెనో తేలనిచోట దుడుకు బాలురు దానిని శత్రుత్వముగానే యెంచుదురని కెన్నెత్ డాడ్జి 1980లో చూపెను. మన గోడకుర్చీయు గుంజీళ్లును (2009 నాటి చట్టము దండనమును నిషేధించినను అవి అంతరించినవని నేను నమ్మను) కొట్టిన చేతిని శిక్షించునే గాని, ఆ చేతిని లేపిన తలంపు జోలికి పోవు.

అయితే బాలుని తలంపు ప్రతిసారియు పొరపాటు కాదు. ఉపాధ్యాయుడు నిజముగనే పక్షపాతియైనప్పుడు, నీ ఆలోచనయే మార్చుకొమ్మని బాలునితో ననుట చికిత్స కాదు, దబాయింపు. షికాగో వారు ఈ వివేకము పాటించిరి. వీధిలో ఒకసారి లొంగినవానిని మరల మరల దోచుకొందురని యెరిగినవారగుటచే, ఎన్నడును తిరుగబడవలదని బోధింపక, వీధిలో కాపాడిన స్పందనమే తరగతిలోను పనికివచ్చునా యని ఒక్క క్షణమాగి చూచుకొమ్మందురు.

లాటరీ పద్ధతిని బాలురనెంచి పరిశోధకులు పరీక్షింపగా, పాల్గొన్నవారిలో హింసానేరములకైన అరెస్టులు ఆ కాలమున 45–50 శాతము తగ్గెను. తరగతులు ముగిసిన పిదప ఆ తగ్గుదల నిలువలేదు. కాని 2009–10లో పాల్గొన్న బాలురలో హైస్కూలు చదువు పూర్తిచేసినవారి నిష్పత్తి 12–19 శాతము హెచ్చెను.

ప్రధానోపాధ్యాయులకు నా విన్నపమొక్కటే: కౌన్సెలరును తగవు జరిగిననాడు మాత్రము పిలిచి, తక్కిన దినములలో సెలవు పెట్టినవారి పీరియడ్లకు పంపక, టైంటేబులులో వారమునకొక పీరియడు ఏడాది పొడవునను ఆయనకు విడిచిపెట్టుడు.

— వీక్షకుడు