పైనుంచి గట్టు కనబడుతుంది, లీజు కనబడదు

వార్షికోత్సవ సంచిక అనగానే ఎక్కువమంది కవితలు ఇస్తారు. నాకు కవిత్వం రాదు. పీజీలో నేను చదువుతున్న రిమోట్ సెన్సింగ్ గురించి, మన కొల్లేరు గురించి నాకున్న అభిప్రాయం రాస్తున్నాను. నచ్చకపోతే వాదించండి.

2001 ఫిబ్రవరి 9న మన దేశపు ఐఆర్ఎస్-1డి ఉపగ్రహం కొల్లేరును చిత్రీకరించింది. ఆ చిత్రం మీద జరిగిన పరిశోధన 2004లో 'కరెంట్ సైన్స్' పత్రికలో వచ్చింది. 245 చదరపు కిలోమీటర్ల సరస్సులో దాదాపు 42 శాతం చేపల చెరువులే. అక్షరాలా 1,050 చెరువులు, ఎండిపోయినవి మరో 38. ఇంకో 8.5 శాతం సాగులోకి పోయింది. మిగిలిన చోట కిక్కిస, గుర్రపుడెక్క. తేటనీరు అనేది ఆ చిత్రంలో ఎక్కడా దొరకలేదు! మంచినీటి సరస్సు అని సాంఘికశాస్త్రంలో మనం బట్టీ పట్టిన కొల్లేరు పరిస్థితి అది. అప్పటికి రెండేళ్ల ముందే, 1999లో, దాన్ని అభయారణ్యంగా ప్రకటించారు కూడా.

ఉపగ్రహానికి ఇదంతా ఎలా తెలుస్తుందని మీకు సందేహం రావచ్చు. మన కంటికి కనబడని పరారుణ కాంతిని నీరు మింగేస్తుంది, పచ్చని ఆకు తిప్పికొడుతుంది. అందుకే ఆ చిత్రాల్లో నీరు నల్లగా ఉంటుంది, మొక్కలకు ఎరుపు రంగు ఇస్తారు. సరస్సు మధ్యలో ఎర్రగా కనబడేది గుర్రపుడెక్కో, కిక్కిసో అన్నమాట. చిక్కు ఎక్కడంటే, చేపల చెరువులో ఉన్నదీ నీరే కాబట్టి అదీ నల్లగానే ఉంటుంది. ఆకారం చూసి దాన్ని పట్టుకోవాలి. ప్రకృతి స్కేలు పెట్టి గీతలు గీయదు. నలుపలకలుగా ఉందంటే అక్కడ మనిషి గట్టు వేశాడు. ఆకారం వదిలేసి నీటి విస్తీర్ణం ఒక్కటే కంప్యూటరుతో లెక్క కట్టిస్తే, ముక్కలైపోయిన సరస్సు కూడా నిండుగా ఉన్నట్టే లెక్క వస్తుంది.

గట్టు దాకా ఉపగ్రహం చూస్తుంది. ఆ గట్టు ఎవరిదో చూడలేదు. 1970లలో ప్రభుత్వమే కొల్లేరులో కొంత భూమిని మత్స్యకారుల, దళితుల సహకార సంఘాలకు ఇచ్చింది. చెరువు తవ్వాలన్నా, పిల్ల వెయ్యాలన్నా, మేత కొనాలన్నా డబ్బు కావాలి కదా. చాలా సంఘాల చెరువులు లీజుల పేరుతో పెట్టుబడి ఉన్నవాళ్ల చేతుల్లోకి పోయాయి. 2006లో ఐదో కాంటూరు లోపల గట్లు కొట్టేసినప్పుడు కూలి పోయినవాళ్లు లంక గ్రామాల జనం. తర్వాతి ఏళ్లలో చాలాచోట్ల గట్లు మళ్లీ లేచాయి. మా నాన్న అలాంటి ఒక చెరువులో తవుడు సంచులు కట్టే కూలి. ఆయనకు అందులో సెంటు భూమి లేదు. కానీ 'కొల్లేరును ఆక్రమించిన జనం' అని ఎవరైనా అన్నప్పుడు ఆ మాట ముందు మాకే తగులుతుంది.

కాబట్టి ఈ ఉపగ్రహాల లెక్కలన్నీ పేదవాడి పొట్టకొట్టడానికే అనే మిత్రులు నాకు ఉన్నారు. వాళ్లతో నేను ఏకీభవించను. సరస్సు మూసుకుపోతే లీజుదారు ఇంకోచోట చెరువు తవ్వుకుంటాడు. వల వేసి బతికేవాడు ఎక్కడికి పోతాడు? 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునగడం అందరం చూశాం. ఆ బుడమేరు చివరికి వచ్చి కలిసేది కొల్లేరులోనే. అక్కడినుంచి ఉప్పుటేరు గుండా సముద్రానికి పోవాల్సిన నీటికి గట్లు అడ్డం నిలిస్తే మునిగేవి లంకలే. అందుచేత చిత్రం కావాలి. అయితే సగం నిజం చెప్పే చిత్రాన్ని చూపించి 'శాటిలైట్‌లో తేలిపోయింది' అని నోరు మూయించకూడదు.

ప్రతి ఏడాది వానలకు ముందొకటి, తర్వాతొకటి ఉపగ్రహ చిత్రాలు తీసి కొల్లేరు గ్రామాల పంచాయతీ ఆఫీసుల్లో గోడకు అంటించాలని నా కోరిక. ప్రతి చెరువు పక్కనా సర్వే నంబరు, పట్టా ఎవరిది, చేస్తున్నది ఎవరు అనే మూడు సంగతులూ రాయాలి. మొదటి రెండూ రెవెన్యూ ఆఫీసులో ఉంటాయి. మూడోది ఏ ఆఫీసులోనూ కాగితం మీద ఉండదు గానీ ఊళ్లో చిన్నపిల్లాడికి కూడా తెలుసు. మా సబ్జెక్టులో క్షేత్ర పరిశీలన అంటాం. చిత్రంలో ఉన్నది నేల మీదకు వెళ్లి సరిచూడటం. కొల్లేరులో ఆ పని బయటినుంచి జీపులో వచ్చినవాళ్లకంటే మనం బాగా చెయ్యగలం.

దీనికి డబ్బు ఖర్చు పెద్దగా లేదు. 1972 నుంచి భూమిని చూస్తున్న ల్యాండ్‌శాట్ ఉపగ్రహాల చిత్రాలు 2008 నుంచి ఉచితం. ఇస్రో 'భువన్' 2009లో వచ్చింది. ఐరోపావాళ్ల సెంటినెల్-2 సుమారు ఐదు రోజులకోసారి పది మీటర్ల వివరంతో చిత్రాలు ఇస్తుంది, అవీ ఉచితమే. ఈసారి సంక్రాంతికి ఇంటికి వెళ్లేటప్పుడు మీ ఊరి చిత్రం ఒకటి ప్రింటు తీసుకెళ్లండి. తాతల చేతికి పెన్సిలిచ్చి, కుర్రతనంలో ఎక్కడెక్కడ వల వేసేవారో గుర్తు పెట్టించండి. చిత్రం చదవడం నేర్చుకుంటామంటే ఆదివారాలు నేను హాస్టల్‌కి వస్తాను, పేర్లు వార్డెన్ గారి దగ్గర ఇవ్వండి.